కోట్ చేసిన వాక్యం ఆ పేజీలో కనిపించకపోతే

ఆన్‌లైన్‌లో ఉండే స్టాన్‌ఫర్డ్ తత్త్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం నుంచి రెండేళ్ల కిందట రాసుకున్న వాక్యం ఇప్పుడు ఆ పేజీలో లేదని మీరన్నారు. మీరు తప్పుగా రాసుకుని ఉండకపోవచ్చు. అక్కడి వ్యాసాలను రచయితలు సవరిస్తూ ఉంటారు, లింకు మాత్రం మారదు. శీర్షిక కింద మొదటి ప్రచురణ తేదీ పక్కనే చివరి పెద్ద సవరణ తేదీ ఉంటుంది. అది మీరు చదివిన రోజు తర్వాతిదైతే కారణం దాదాపు తేలినట్టే.

పాత పాఠం ఎక్కడికీ పోలేదు. ఏటా మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల 21న మొత్తం సర్వస్వాన్ని ఉన్నదున్నట్టు ఆర్కైవ్‌లో భద్రపరుస్తారు. అలా భద్రపరిచిన సంచికల్లో మీరు చదివిన తేదీకి ముందరిది తెరిచి, ఆ వాక్యంలోని అరుదైన మాట ఒకటి వెతకండి. దొరక్కపోతే దాని తర్వాతి సంచిక చూడండి, మధ్యలో సవరణ జరిగి ఉండొచ్చు. మీ వ్యాసంలో ఇవ్వాల్సింది వాక్యం దొరికిన ఆ సంచిక లింకే. మామూలు లింకు ఇస్తే రేపు మీ పాఠకుడికీ ఇదే ఇబ్బంది.

తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ వాక్యం అచ్చుపుస్తకంతో ఎందుకు సరిపోలడం లేదని కూడా అడిగారు. మీరు చదివింది హ్యూమ్ మూలాన్ని జోనథన్ బెన్నెట్ అనే తత్త్వవేత్త సులభశైలిలోకి మార్చిన పాఠం. అందులో చిన్న చుక్కల మధ్య ఉన్న మాటలు ఆయన చేర్చినవి, హ్యూమ్‌వి కావు. కొన్నిచోట్ల వాక్యనిర్మాణమే మార్చారు. వాదన పట్టుబడటానికి అది చాలా మంచి పాఠం, నిస్సంకోచంగా చదవండి. ఉల్లేఖనకు మాత్రం పనికిరాదు. అర్థమయ్యాక మూలంలో అదే అధ్యాయం, అదే భాగం తెరిచి, అక్కడి మాటలనే ఎత్తి రాయండి.