గండికోట అంచుకు పోయే ముందు

చిన్నమ్మీ,

ఎనిమిది మంది స్నేహితుల్ని వెంటబెట్టుకుని గండికోటకు పోతావుండావని, దారి చూపించేది కూడా నువ్వేనని మీ నాయన చెప్పినాడు. పొంగిపోయినాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, తలకు గుడ్డ, రబ్బరు అడుగున్న బూట్లు పెట్టుకోండి. ఎండాకాలం వద్దు. పొద్దుగూకినాక కూడా ఆ రాయి వేడి కక్కుతూనే ఉంటుంది. ఇవి నీకు తెలిసినవే.

అసలు సంగతి లోయ అంచు. అందరూ చేసే తప్పు ఒకటే. తెల్లారకముందే జుమ్మా మసీదు దాటి, బండలెక్కి దిగి, అన్నిటికంటే ముందుకు పొడుచుకొచ్చిన బండ మీదికి పోతారు. కాళ్లు కిందికి వేలాడేసి ఫోటో దిగుతారు. అది గట్టి రాయే, నూరు కోట్ల ఏళ్లు పైబడిన క్వార్ట్‌జైటు. కానీ అది ఒకే ముద్ద కాదమ్మీ. పొరమీద పొర, వాటిని నిలువునా కోసే పగుళ్లు, పెట్టెలు పేర్చినట్టు. కింద మెత్తటి పొర అరిగి రాలిపోతే పై బండ గాల్లో నిలబడుతుంది. పైన నిలబడినోళ్లకు కింద బోలుగా ఉందని కనబడదు. పక్కకు పోయి, అడ్డంగా చూస్తేనే తెలుస్తుంది.

అందుకే ముందురోజు సాయంత్రం వెలుగుండగానే పోయి చోటు చూసిపెట్టుకో. అంచుకు సమాంతరంగా పోయే పగులు వెతుకు. దానికి అవతలుండే బండ కొండది కాదనుకో, దాటొద్దు. చిన్న రాయితో కొట్టి చూడు. ఖంగుమంటే కొంత నయం, డబ్‌డబ్‌మంటే వెనక్కి రా. ఖంగుమందని మాత్రం అంచుకు పోవద్దు. బండ మీద రాలిన ఇసుక రేణువులుంటాయి, గచ్చు మీద రాగులు పోసినట్టు బూటు జారుతుంది. మంచు పడిన పొద్దున ఇంకా మోసం. లోయలోంచి గాలి ఒక్కసారిగా ఎగదన్నుతుంది, వీపున సంచి ఉంటే అది మనిషిని తిప్పేస్తుంది. సంచులు వెనకే దించండి.

ఫోటో తీసే పిల్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది, ఫోన్‌లో చూస్తూ వెనక్కి అడుగేస్తుంది కాబట్టి. తీసేవాళ్లు కూర్చునే తీయాలి. ఫోటో దిగేవాళ్లు అంచుకు రెండు బారల దూరం వెనకే ఉండాలి. చీకట్లో నడిచేటప్పుడు ఫోన్ లైటు చాలదు, తలకు కట్టుకునే టార్చి కొనండి, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. మందు తాగినోళ్లను అటు రానీయొద్దు, ఎవరు అలిగినా సరే. ఆ మాట నువ్వే చెప్పాల, ఇంకెవరూ చెప్పరు.

చిన్నప్పుడు మిద్దె పిట్టగోడ మీద చేతులు చాపి నడిచేదానివి. మీ జేజి కింద కొంగు పట్టుకుని నిలబడేది, అరిస్తే తూలుతావని నోరెత్తేది కాదు. ఆ బండ కింద పెన్నేటి లోయ తప్ప ఎవరూ ఉండరు.

ఏట్లోకి దిగే మాట ఎత్తొద్దు. ఎగువన జలాశయం ఉంది, నీళ్లు వదిలితే లోయలో మట్టం పెరుగుతుంది. పెన్న ఎర్రమల కొండల్ని కోసిన గండి అది, ఊరికి పేరు అట్లనే వచ్చింది. పైనుంచే చూడండి.

ఎండెక్కినాక మాధవరాయ గుడి, ధాన్యాగారం నిదానంగా చూడండి, నీడ ఉంటుంది. బయల్దేరే ముందు తొమ్మిది తలలూ లెక్కపెట్టు. జమ్మలమడుగు చేరినాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటా.

మీ పెద్దనాయన