మోకాలి లిగమెంట్ తెగిన అమ్మాయి ఏ బ్రాంచిలో చేరాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట ఉంది. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. కిందటేడు కబడ్డీ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంపుకుంటే ఆపరేషన్ చేయించాం. అప్పట్నుంచి ‘లిగమెంట్లు తయారుచేసే చదువు చదువుతా’ అంటోంది. బైపీసీ ఇప్పించకపోవడం పొరపాటా? చుట్టాలందరూ కంప్యూటర్స్ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: పొరపాటేం కాలేదండీ. ఈ పనికి ఎంపీసీయే సరైన దారి.

సఖినేటిపల్లి రేవులో పంటును కట్టే మోకు చూసే ఉంటారు. వదులు ఉన్నంతసేపు పంటు ఇటూ అటూ ఊగినా మోకుకు పట్టదు. వదులు తీరాక బిగుసుకుంటుంది. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ అయిన లిగమెంట్ తీరూ దాదాపు ఇదే. అందులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు వంకీలు తిరిగి ఉంటాయి. ముందు ఆ వంకీలు తీరుతాయి కాబట్టి కొద్ది బలానికే సాగుతుంది, ఆ తర్వాత గట్టిపడుతుంది. కబడ్డీలో ఎక్కువగా తెగే ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్‌ను వయసులో ఉన్నవాళ్ల మోకాళ్లలో పరీక్షిస్తే సగటున 2,160 న్యూటన్ల దగ్గర తెగింది. అంటే సుమారు 220 కిలోల బరువు వేలాడదీసినట్టు.

అంత బలమున్న తాడు దొరకడం కష్టం కాదు. మోకాల్లో అది ఏళ్ల తరబడి నిలవడమే కష్టం. 1970, 80ల్లో కార్బన్ పోగులతో, డెక్రాన్, గోర్‌టెక్స్ అనే సింథటిక్ పదార్థాలతో కృత్రిమ లిగమెంట్లు వేశారు. చాలావాటికి ఎముక అంచు రాసుకుని పోగులు అరిగాయి, కొన్ని సాగిపోయాయి, రాలిన పొడి కీలులో చేరి వాపు తెచ్చింది. అందుకే ఇప్పటికీ ఎక్కువగా రోగి సొంత టెండన్‌నే (కండను ఎముకకు కలిపే నారను) తీసి వేస్తారు, దాన్నే గ్రాఫ్ట్ అంటారు; అందులోకి మెల్లగా కణాలు చేరి ఎముకకు అతుక్కుంటుంది. మీ అమ్మాయి డిశ్చార్జి కాగితంలో ‘గ్రాఫ్ట్’ అన్న మాట ఉందేమో చూడమనండి.

మరీ బిగువైనా చిక్కే. స్టీలు ఎముక కంటే దాదాపు పదింతలు బిగువు. విరిగిన ఎముకకు బిగించిన స్టీలు ప్లేటే బరువంతా మోస్తే పక్కన ఎముక పనిలేక పలచబడుతుంది.

ఇదంతా బలాల లెక్క, పదార్థాల లెక్క. కాబట్టి నా మాట: బీటెక్‌లో మెకానికల్ గానీ, మెటలర్జీ–మెటీరియల్స్ గానీ తీసుకోమనండి. ఐఐటీ హైదరాబాద్‌లాంటి చోట సీటొస్తే బయోమెడికల్‌లో, అంటే వైద్య పరికరాల ఇంజినీరింగ్‌లో, నేరుగా చేరొచ్చు. మామూలు కాలేజీలో మాత్రం ఆ పేరు చూసి మోజుపడొద్దు. అక్కడ చదివినవాళ్లలో చాలామంది ఆసుపత్రి యంత్రాల సర్వీసింగ్‌లో తేలడం చూశాను. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో బయోమెడికల్ పేపరు ఉంది, ఎంటెక్‌లో ఇటు మళ్లొచ్చు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన గుండె కవాటాన్ని 1990లోనే మనిషికి అమర్చారు. విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది.

డబ్బు సంగతి దాచను. బీటెక్ నాలుగేళ్లు, ఎంటెక్ రెండేళ్లు, పరిశోధనంటే ఇంకో నాలుగైదేళ్లు. నాలుగో ఏటికే జీతం ఇంటికి రావాలంటే చుట్టాలు చెప్పింది తప్పు కాదు. ఆ మాట ఆమెకు ఇప్పుడే చెప్పండి.

ఈలోగా ఒక పని. మీ ఇంట్లో కొబ్బరిపీచు తాడు, నైలాన్ తాడు ఒక్కో మూర ఇచ్చి, బరువు పెంచుతూ ఎంత సాగిందో కొలిచి గ్రాఫ్ గీయమనండి. బరువు రాత్రంతా వేలాడనిచ్చి, తెల్లారి మళ్లీ కొలవాలి. రెండో రోజుకే విసుగొస్తే కంప్యూటర్స్ ఫారం నింపించండి. మూడో తాడు కావాలని అడిగితే నాకు మళ్లీ రాయండి.