లేజర్‌తో కోసిన ముక్కలు వదులవుతుంటే
మాస్టారూ, ధవళేశ్వరం లాకుల నమూనా కోసం పిల్లలు కోయించిన ప్లైవుడ్ ముక్కలు బిగియడం లేదన్నారు. వాళ్ల కొలతలు సరైనవే. లేజర్ కిరణం గీత వెంబడి కొంత చెక్కను కాల్చేస్తుంది, అందుకే ముక్కలో ఉండే గాడి పెరిగి, అందులో దూరే నాలుక సన్నబడుతుంది.

ఎంత కాలుతోందో పిల్లల చేతే కొలిపించండి, అసలు పాఠం అదే. 100 మిల్లీమీటర్ల పట్టీని పది సమాన ముక్కలుగా, బయటి అంచులతో సహా లేజర్‌తోనే కోయించి, పక్కపక్కన నొక్కిపెట్టి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. 98.5 వస్తే ఒక్కో కోతకు 0.15 పోయినట్టు. బొమ్మ గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో నాలుక వెడల్పును అంత మేర పెంచి, గాడిని అంతే తగ్గించండి. ప్లైవుడ్ మందం కూడా కొలవండి, 3 మిల్లీమీటర్లని అమ్మినది తరచూ 3 ఉండదు.

గేట్లకు రెక్సిన్ వాడదామన్నారు, దయచేసి వద్దు. అందులో పీవీసీ ప్లాస్టిక్ ఉంటే లేజర్‌తో కోసేటప్పుడు విషవాయువు వస్తుంది. అట్ట చాలు.