ఇరవై రెండు వేలన్నారు, చేతికి పదిహేనేనా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఈ ఏడాదే హనుమకొండలో బీఎస్సీ ఎంపీసీ పూర్తి చేశాడు. చౌటుప్పల్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ (మందులకు ముడిపదార్థం తయారుచేసే) ఫ్యాక్టరీలో ఆపరేటర్ ట్రెయినీగా ఉద్యోగం వచ్చింది. లెటర్‌లో ఏడాదికి 2,64,000 అని ఉంది. నెలకు 22 వేలు కదా అనుకుంటే, చేతికి పదిహేను వేలే వస్తాయని అక్కడ పనిచేసేవాళ్లు చెబుతున్నారు. మా బావమరిది కొడుకు రామగుండం ఎరువుల కర్మాగారంలో ఇదే పని చేస్తూ మంచి జీతం తీసుకుంటున్నాడు. మా వీధి అబ్బాయి ఒకడు సౌదీలో ఇదే పనికి లక్ష వస్తుందంటాడు. ఒకే పనికి ఇన్ని రకాల జీతాలేమిటి? పంపమంటారా, వద్దంటారా? రాత్రి షిఫ్టులంటే వాళ్ల అమ్మ భయపడుతోంది.

జవాబు: పంపండి. అయితే అంతకుముందు ఆ లెటర్ రెండో పేజీ తీయండి. అక్కడ చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది. మొదటి పేజీలో పెద్ద అంకె చూసిన సంతోషంలో చాలామంది అక్కడిదాకా వెళ్లరు. మీరు చెప్పిన మొత్తానికి అలాంటి పట్టిక ఎలా ఉండవచ్చో లెక్క కట్టి చూపిస్తాను. మీ లెటర్‌లో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు, తీరు మాత్రం ఇదే.

మూల వేతనం 12,500, ఇంటి అద్దె భత్యం 4,500 అనుకుందాం. కలిపితే 17,000. అబ్బాయి పేరున నెలనెలా వచ్చే జీతం ఇదే. ఇక 22 వేలకు మిగిలిన అయిదు వేలు ఎక్కడున్నాయంటే, కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,500, ఈఎస్ఐ (వైద్య బీమా) 553, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది 601, ఏడాదికోసారి ఇచ్చే బోనస్‌ను పన్నెండుగా పంచితే 1,041, క్యాంటీన్‌కూ బస్సుకూ 1,305. ఇవన్నీ కలిపి రాసిందే సీటీసీ. అంటే అబ్బాయి వల్ల కంపెనీకి అయ్యే ఖర్చు. ఆ 17,000 లో నుంచి అబ్బాయి వంతు పీఎఫ్ 1,500, ఈఎస్ఐ 128, వృత్తి పన్ను 150 పోతే చేతికి వచ్చేది 15,222. మీకు పదిహేను వేలని చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. లెటర్ రాసినవాళ్లూ అబద్ధం రాయలేదు.

ఆ పీఎఫ్ డబ్బు పోయినట్టు లెక్క వేసుకోకండి. అబ్బాయి కట్టిన 1,500, కంపెనీ కట్టిన దానిలో 459 పాస్‌బుక్‌లో జమవుతాయి. మిగతా 1,041 పింఛను ఖాతాకు వెళ్తుంది. చేరిన నెలలోనే యూఏఎన్ నంబరు (పీఎఫ్ కోసం ఇచ్చే సంఖ్య) తీసుకుని, పైసలు పడుతున్నాయో లేదో ఫోనులో చూసుకోమనండి. ఈఎస్ఐ కార్డూ అంతే. రసాయనాల మధ్య పనిచేసేవాడికి ఆ కార్డు గుర్తింపు కార్డు కంటే ముఖ్యం. ఒకవేళ లెటర్‌లో ‘అప్రెంటిస్’ అన్న మాట ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు వచ్చేది జీతం కాదు, స్టైపెండు. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ ఉండవు. ట్రెయినీ, అప్రెంటిస్ ఒకటేనని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పేరు ఒకటే అయినా ఆ ముగ్గురూ చేసే పని ఒకటి కాదు.

చౌటుప్పల్ ఫ్యాక్టరీలో జరిగేది బ్యాచ్ పని. ఒక రియాక్టర్‌లో, అంటే రసాయనాలను కలిపే పెద్ద పాత్రలో, ముడిసరుకు వేసి, వేడి చేసి, చల్లార్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, డ్రయ్యర్‌లో ఆరబెడతారు. మళ్లీ కడిగి ఇంకో బ్యాచ్ ఎత్తుకుంటారు. ఒక బ్యాచ్ పాడైతే లక్షల్లో నష్టమే గాని ఫ్యాక్టరీ ఆగదు. రామగుండం సంగతి వేరు. బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడ్డాక, అదే చోట గ్యాస్‌తో నడిచే కొత్తది 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. ఒక్క రోజు ఆగిందంటే 45 కిలోల బస్తాలు 85 వేలు తగ్గినట్టు. బస్తా కోసం తెల్లవారకముందే చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ మనకు ఆ అంకె విలువ వేరే చెప్పాలా? అలాంటి చోట కంట్రోల్ రూమ్‌లో తెరల ముందు కూర్చున్న మనిషి తప్పు వాల్వు మూసినా, సరైన వాల్వు ఆలస్యంగా మూసినా ప్లాంటు మొత్తం ఆగుతుంది, తిరిగి ఎత్తుకోవడానికి రోజులు పడుతుంది. అందుకే నిరంతరం నడిచే ప్లాంట్లలో ఆపరేటర్‌కు ఎక్కువ ఇస్తారు.

కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. మీ బావమరిది కొడుకు కంపెనీ రోల్స్ మీద ఉన్నాడా, కాంట్రాక్టర్ కింద ఉన్నాడా అడగండి. ఒకే గేటులోంచి, ఒకే రంగు హెల్మెట్ పెట్టుకుని లోపలికి వెళ్లే ఇద్దరి జీతాల మధ్య ఇంత తేడా తెచ్చేది చదువు కంటే కూడా ఇదే. రామగుండం సంస్థలో భాగస్వామి అయిన నేషనల్ ఫెర్టిలైజర్స్ తన ప్రకటనల్లో ఉత్పత్తి విభాగపు జూనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంట్ గ్రేడ్ 2 పోస్టుకు చూపించిన స్కేలు 23,000 నుంచి 56,500. దాని మీద కరువు భత్యం, ఇతర భత్యాలు అదనం. దానికి కావలసిన చదువు కెమికల్ డిప్లొమా, లేదా బీఎస్సీ ఎంపీసీ. అవును, మీ అబ్బాయి చదివిందే. అతనికి ఆ సంగతి తెలుసో లేదో నాకు అనుమానమే. మన డిగ్రీ కాలేజీల నుంచి వచ్చే పిల్లల్లో పదిమందిలో తొమ్మిది మంది నోటిఫికేషన్ అంటే గ్రూప్స్, కానిస్టేబుల్ తప్ప ఇంకోటి ఉంటుందని అనుకోరు.

మణుగూరు దగ్గర అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది కదా, అది అణుశక్తి శాఖది. ఆ శాఖ సంస్థలు స్టైపెండరీ ట్రెయినీలను తీసుకుంటాయి. రెండో కేటగిరీలో ప్లాంట్ ఆపరేటర్‌కు ఇంటర్ ఎంపీసీ చాలు. ఇటీవలి ప్రకటనల్లో శిక్షణ మొదటి ఏడాది నెలకు 20,000, రెండో ఏడాది 22,000 ఇచ్చారు. ఆ తర్వాత మూల వేతనం 21,700. దానికి 2025 జూలై నాటి 58 శాతం కరువు భత్యం కలిపితేనే 34,286 అవుతుంది. మొదటి కేటగిరీ బీఎస్సీ, డిప్లొమా వాళ్లకు, అందులో జీతం ఇంకా ఎక్కువ. అయితే వయసు పరిమితి ప్రకటనను బట్టి ఇరవై రెండు నుంచి ఇరవై అయిదు మధ్యే ఆగిపోతుంది, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. ఈ ఒక్క కారణం చేతనే మీ అబ్బాయికి వచ్చే రెండు మూడేళ్లు చాలా విలువైనవి. ఉద్యోగంలో చేరినా ఈ పరీక్షలు వదలకూడదు.

సౌదీ లక్ష గురించి. జుబైల్ లాంటి చోట పెట్రోకెమికల్ ప్లాంటులో ప్యానెల్ మీద కూర్చునే ఆపరేటర్‌కు ఆ జీతం నిజమే కావచ్చు. కానీ అక్కడికి కొత్తవాడిని ఎవరూ పిలవరు, కొన్నేళ్ల అనుభవం చూపించాలి. అనుభవం లేకుండా ‘ఆపరేటర్ వీసా’ అంటూ వచ్చే మాటల వెనుక చాలాసార్లు ఉండేది హెల్పర్ పని. కరీంనగర్, జగిత్యాల వైపు ఈ కథ తెలియని ఇల్లు లేదు కాబట్టి పొడిగించను. ఎప్పుడైనా వెళ్లాల్సి వస్తే, ప్రభుత్వ అనుమతి ఉన్న ఏజెంటు తీసుకోగల రుసుము 30,000, దాని మీద జీఎస్టీ మాత్రమే. లక్షన్నర అడిగినవాడి దగ్గర ఇక కూర్చోనక్కర్లేదు.

ఇప్పుడు చౌటుప్పల్‌లో చేరాక జీతం ఎలా పెరుగుతుందో చెబుతాను. ఏటా ఇచ్చే ఇంక్రిమెంటుతో పెద్దగా పెరగదు. చేతికి ఏ యంత్రం అప్పగిస్తారన్న దాన్ని బట్టే పెరుగుతుంది. సంచులు ఎత్తిపోయడం, డ్రయ్యర్ ట్రేలు నింపడం దగ్గరే ఆగినవాడు అయిదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటాడు. రియాక్టర్ నడిపేవాడు ఒక మెట్టు పైన. హైడ్రోజన్‌తో ఒత్తిడి మీద నడిచే ఆటోక్లేవ్ నడిపేవాడు ఇంకో మెట్టు. తెర మీద మొత్తం బ్లాకును చూసే ప్యానెల్ ఆపరేటర్ ఆ పైన. ప్రతి బ్యాచ్‌కూ ఒక రికార్డు పుస్తకం ఉంటుంది. అందులో ప్రతి అడుగుకూ రెండు సంతకాలు, పని చేసినవారిది ఒకటి, సరిచూసినవారిది ఇంకొకటి. మీ అబ్బాయి సంతకం మొదటి గడి నుంచి రెండో గడికి ఎప్పుడు మారితే అప్పుడు జీతం గట్టిగా కదులుతుంది.

నర్సంపేట వైపు నుంచి నాలుగేళ్ల కిందట ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. మాటకారి కాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక రాత్రి మూడు గంటలప్పుడు రియాక్టర్‌లోకి రసాయనం చుక్కచుక్కగా వదులుతున్నాడు. లోపల పది డిగ్రీలు దాటకూడదు. గంటకోసారి రీడింగు రాస్తే చాలు, అయినా మధ్యలో లేచి చూశాడు. పన్నెండు. రెండు నిమిషాల్లో పద్నాలుగు. వెంటనే చుక్క ఆపేసి, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లోకి చల్లటి బ్రైన్ (ఉప్పునీరు) పూర్తిగా తెరిచి, షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాడు. అంతకంటే ముఖ్యం, ఏ నిమిషానికి ఏం చేశాడో లాగ్ బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాడు. బ్రైన్ పంపు ఒకటి ఆగిపోయిందని తెల్లవారాక తేలింది. ఆరు నెలల్లో అతన్ని హైడ్రోజన్ ఆటోక్లేవ్ పనికి మార్చారు. ఇంక్రిమెంటులో తోటివాళ్ల కంటే రెండున్నర వేలు ఎక్కువ పడింది. వచ్చి పే స్లిప్ చూపించి, స్వీట్ల డబ్బా ఇచ్చి వెళ్లాడు. ఆ లాగ్ బుక్ పేజీ ఫోటో చూపించి ఉంటే నాకు ఇంకా నచ్చేది.

ప్రమాదకరమైన బ్లాకుకు కొన్నిచోట్ల అదనపు భత్యం ఇస్తారు. ఆ డబ్బు చూసి ఎగబడవద్దని చెప్పండి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. ఇంటర్‌లాక్ (హద్దు దాటితే యంత్రాన్ని తనంతట తానే ఆపే ఏర్పాటు) పనిచేయకపోయినా పని ఆపవద్దనే ఇన్‌ఛార్జి దొరికితే, భత్యం ఎంతైనా ఆ బ్లాకు నుంచి మార్పించుకోవాలి, కుదరకపోతే ఉద్యోగమే మారాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

జీతం పెంచే ఇంకో సంగతి బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్. బాయిలర్ మీద కొంతకాలం పనిచేసిన అనుభవం చూపించి రాసే పరీక్ష ఇది. చట్టం ప్రకారం ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకుండా బాయిలర్ నడపకూడదు కాబట్టి, ఆవిరి వాడే ప్రతి ఫ్యాక్టరీకీ అతను కావాలి. మందులైనా, కాగితమైనా, నూనె మిల్లైనా. దీని విలువ నాకు 2014లో బాగా అర్థమైంది. ఆ ఏడాది ఇప్పటి ములుగు జిల్లా కమలాపురంలో రేయాన్ గుజ్జు కర్మాగారం ఆగింది, అటు కాగజ్‌నగర్‌లో పేపర్ మిల్లు కూడా ఆగింది. కాగజ్‌నగర్ మిల్లు 2018లో మళ్లీ తెరుచుకుంది, కమలాపురం తెరుచుకోలేదు. ఒకే ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో, ఆ ఒక్క యంత్రమే తెలిసినవాడు జీతం ఎంత తగ్గించినా కదలలేడు. పది ఫ్యాక్టరీలకు పనికొచ్చే విద్య ఉన్నవాడు బేరం ఆడగలడు. చౌటుప్పల్‌ను నేను కాదనకపోవడానికి అదొక కారణం, చుట్టుపక్కల అలాంటి ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి.

చేరేముందు హెచ్ఆర్ వాళ్లను రెండు మూడు విషయాలు అడగమనండి. ట్రెయినీ కాలం ఎంత, ఆ తర్వాత జీతం ఎంతకు మారుతుంది? నైట్ షిఫ్ట్ భత్యం రోజుకు ఎంత? అవతలివాడు రాక డబుల్ డ్యూటీ చేయాల్సి వస్తే ఓటీ (అదనపు గంటల) డబ్బు ఇస్తారా, బదులుగా సెలవు ఇచ్చి సరిపెడతారా? ఓటీకి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలన్నది చట్టం. ఈ ప్రశ్నలు అడిగితే ఉద్యోగం పోదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎంత అడిగినా వదిలి రావద్దు. చూపించి, జిరాక్సులు ఇచ్చి తెచ్చుకోవాలి. రేపు అణుశక్తి శాఖ వాళ్లు పరిశీలనకు పిలిస్తే అవి ఫ్యాక్టరీ బీరువాలో ఉండిపోకూడదు.

ఇక వాళ్ల అమ్మగారి భయం. షిఫ్టులు సాధారణంగా ఉదయం ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి ఉదయం ఆరు. చాలాచోట్ల వారానికొకటి మారుతుంది. మొదటి రెండు మూడు నెలలు నిద్రకు, ఆకలికి వేళ ఉండదు, తర్వాత ఒళ్లు అలవాటు పడుతుంది. రాత్రి షిఫ్ట్ వారంలో అబ్బాయి ఆరింటికి దిగి, బస్సెక్కి, గదికి వచ్చి తిని పడుకునేసరికి ఎనిమిదవుతుంది. అమ్మగారిని ఆ వారం పదింటికి ‘తిన్నావా బిడ్డా’ అని ఫోన్ చేయవద్దనండి. సాయంత్రం నాలుగు దాటాక చేయమనండి.