వంకాయ తొడిమతో పాటు సున్న కూడా పోతుందా?

సందేహం: మేం చెన్నైలో ఉంటున్నాం. మా తెలుగు సంఘం ఉగాది సంచికలో వేసిన గళ్ళ నుడికట్టులో ఒక ఆధారం ఇలా ఉంది: ‘తొడిమ తీస్తే వంకాయ కూడా పండనిదే (2)’. (2) అంటే జవాబుకు రెండు గళ్ళు. నేను ‘కాయ’ అని నింపాను. పక్కింటి తమిళ మామగారికి పొద్దున్నే కాఫీతో పాటు ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ ఉండాలి. ఆయనకు తెలుగు చదవడం కూడా వచ్చు. ‘తొడిమ అంటే మొదటి అక్షరం. వ ఒక్కటే పోవాలి. సున్నను ఎవరు తీయమన్నారు?’ అంటున్నారు. ఎవరిది ఒప్పు?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం: ఒప్పు మీదేనమ్మా. కానీ మామగారిని తీసిపారేయకండి, ఆయన తమిళ లెక్క చెబుతున్నారు.

తమిళంలో పొల్లు హల్లుకు సొంత ఉనికి ఉంది. నెత్తిన చుక్క పెట్టుకుని విడిగా నిలబడుతుంది. వాళ్ళ 247 అక్షరాల్లో 18 అలాంటివే. అందుకే మన ‘అమ్మ’కు రెండు గళ్ళు చాలు, వాళ్ళ ‘అమ్మా’కు అ, మ్, మా అని మూడు కావాలి. మీ వంకాయనే వాళ్ళ గళ్ళలో పెట్టి చూడండి: క, త్, తి, రి, క్, కా, య్. ఏడు గళ్ళు! మనకు మూడే. మన సున్న పలికే చోట కూడా వాళ్ళు ఙ్ అనో మ్ అనో ఒక అక్షరం రాస్తారు, దానికో గడి ఇస్తారు. చెవితో వింటే వంకాయలోనూ ఉన్నది ఆ ఙకారమే. మన రాతలో మాత్రం సున్న ముందున్న అక్షరానికి అతుక్కుపోయింది. వ పోతే దాని వెంట సున్న కూడా పోవలసిందే. లేకపోతే గడిలో ఒంటరి సున్న పెట్టుకుని కూర్చోవాలి.

ఇది గళ్ళ నుడికట్టు వేసేవాళ్ళు సౌకర్యం కోసం పెట్టుకున్న నియమం కాదు. మాటలతో ఆడుకున్న మనవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. ‘వికటకవి’ని వెనక్కి చదివితే వికటకవే. మామగారి ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ పద్ధతిలో అచ్చులు, హల్లులు విడదీసి తిప్పితే ‘ఇవకటకివ్’ వస్తుంది. రామలింగడు కూడా బిక్కమొహం వేస్తాడు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఒక కందం మొత్తాన్ని ఇలాగే నడిపాడు. ‘నాయశరగసార’ అని మొదలై ‘రసాగరశయనా’ అని ముగుస్తుంది, ఎటునుంచి చదివినా ఒకటే పద్యం. ఒత్తులు, జంటలు కూడా విడిపోవు. ‘సాక్షరా’ తిరగబడితే ‘రాక్షసా’ అవుతుందని సంస్కృతంలో ఒక చమత్కారం ఉంది. అందులో క్ష చెక్కుచెదరకుండా మధ్యలోనే ఉంటుంది. సున్నకు సాక్ష్యం కావాలంటే ‘కందకం’ చూడండి. కం, ద, కం. సున్నను విడదీస్తే అది అటూ ఇటూ ఒకేలా ఉండదు.

మీ ఆధారం వేసినవారికి నా తరఫున ఒక నమస్కారం. వంగ, కాయ కలిస్తేనే వంకాయ (వంగతోట, వంగనారు అంటాం కదా). అంటే వం తీసేస్తే మిగిలేది నిజంగానే ఆ మాటలోని కాయ. తొడిమ తీయడం వంటింటి పని, ‘పండనిదే’ అన్నది అర్థం. అతుకు ఎక్కడుందో కనబడదు. ‘తల తిరిగిన తీగ (2)’ అని ఇంకో రకం ఉంది. కళ్ళు తిరిగి పడిపోయిన తీగ కాదు, తల తిరగబడితే లత. అలవాటైనవాళ్ళు ‘తిరిగిన’ అనగానే పెన్సిల్ తీస్తారు.

అలాగని అక్షరం లోపల చెయ్యి పెట్టకూడదని కాదు. పెట్టాలంటే పేరు చెప్పి పెట్టాలి. ఇక్కడ తెలుగువాడికి ఉన్న వెసులుబాటు ఇంగ్లీషువాడికి లేదు. మన గుణింతపు గుర్తుల పేర్లు కొన్ని ఊళ్ళో తిరిగే మాటలే: గుడి, కొమ్ము, తలకట్టు, సున్న. ‘భీముడి ఆయుధం చివర గుడి కట్టి అద్దెకిచ్చేది (2)’ అంటే గద చివర గుడి పెట్టాలి, గది వస్తుంది. మామగారు కోరినట్టు జరగాలంటే ఆధారంలో ‘సున్న ఉంచి’ అని చెప్పి ఉండాలి. చెప్పలేదు కనుక వం మొత్తం పోతుంది.

ఒక్క పొల్లు దగ్గర మాత్రం మనమూ తమిళులమే. ‘సైకిల్’ గళ్ళలో రాస్తే సై, కి, ల్ అని మూడు. తర్వాత అతుక్కోవడానికి అక్షరం లేదు కాబట్టి ల్‌కు గడి ఇవ్వక తప్పదు. ఛందస్సులోనైతే ఆ పొల్లు ముందు అక్షరానికే చెంది దాన్ని గురువు చేస్తుంది, విడిగా లెక్కకు రాదు. గళ్ళలో దానికి చోటివ్వడమే నాకిష్టం. కాకపోతే అదే గడిలోంచి నిలువుగా దిగే మాటలోనూ ల్ ఉండాలి, అది వేసేవాడి ప్రాణానికి వస్తుంది. నేను వేసే రోజుల్లో ఆ టెన్షన్ పడలేక ‘బస్’ వచ్చిన చోటల్లా ‘బస్సు’ చేసేవాణ్ణి.

మామగారికి ఇది ఇచ్చి చూడండి: ‘కొమ్ము విరిగిన కోవెల (2)’. అర్థం చెప్పలేదేమని అడిగితే, ఆయన పెన్సిల్ ఇప్పుడు దాని మీదే ఉందనండి.