రెసిడెన్సీకి వెళ్లే డాక్టరు గారికి, మెడికల్ కెనబిస్ వాడే పేషెంటు కూతురి జవాబు

"ఎంబీబీఎస్ అయ్యాక అమెరికాలో రెసిడెన్సీకి (ఆసుపత్రి శిక్షణకి) వెళ్తున్నాను, మెడికల్ కెనబిస్ (మందుగా వాడే గంజాయి) వాడే పేషెంట్లను ఏం అడగాలి?" అని మీరు అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా నాన్నగారు న్యూజెర్సీలో మా దగ్గరే ఉంటారు. కీమో తర్వాత మొదలైన కాళ్ల మంటలకి మెడికల్ కార్డు (గంజాయిని మందుగా కొనుక్కోనిచ్చే రాష్ట్ర కార్డు) మీద సీబీడీ నూనె వాడతారు. సీబీడీ అంటే గంజాయి మొక్కలో ఉండే, మత్తెక్కించని పదార్థం. ఆయన వెంట క్లినిక్కులు తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

మన ఇళ్లలో గంజాయి అంటే పోలీసు కేసే. ఆ వయసువాళ్లు తమంతట తాము చెప్పరు. "డ్రగ్స్ వాడతారా?" అంటే నాన్నగారు ఠక్కున "నో" అనేవారు. ఆయన లెక్కలో అది అబద్ధం కాదు, అది మందు. ఒక నర్సు మాత్రం "నొప్పికో నిద్రకో గమ్మీలు (నమిలే మిఠాయిలు), నూనె చుక్కలు ఏమైనా తీసుకుంటున్నారా?" అని మామూలుగా అడిగింది. అంతే, సీసా రంగుతో సహా చెప్పేశారు.

అలా చెప్పడం ఎంత మంచిదైందంటే, ఆయనకి గుండె వాల్వు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మీద ఉన్నారు. నూనె మొదలుపెట్టినప్పటి నుంచి ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష అంకె) పెరుగుతూ పోయింది. ఆకుకూరలు తగ్గించినా అది పెరుగుతుంది కాబట్టి, అవి మానేశారా అని డాక్టర్లు ప్రతిసారీ అడిగేవారు (పాపం, మా గోంగూర మీద పడింది అనుమానం). తీరా చూస్తే, వార్ఫరిన్‌ని కాలేయంలో విరిచే ఎంజైముని సీబీడీ అడ్డుకుంటుందట. ఫిట్స్ మందు క్లోబజామ్‌తోనూ ఇలాంటి చిక్కే ఉంది. 2018లో ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అనుమతించిన సీబీడీ మందు ఎపిడియోలెక్స్ లేబుల్ మీదే క్లోబజామ్ సంగతి ఉంటుంది, ఒకసారి చదవండి.

ఇక్కడ డాక్టరు సర్టిఫికెట్ మాత్రమే ఇస్తారు, ప్రిస్క్రిప్షన్ కాదు. ఏది, ఎంత అనేది చాలాసార్లు డిస్పెన్సరీ (ఇక్కడ గంజాయి అమ్మే లైసెన్సు దుకాణం) కౌంటర్లో కుర్రాడే చెబుతాడు. ఫార్మసీ వాళ్ల కంప్యూటర్‌కి ఇది తెలియదు, కాబట్టి ఇంటరాక్షన్ హెచ్చరిక రాదు. అందుకే సీసా తెమ్మనండి, టీహెచ్‌సీ (మత్తెక్కించే పదార్థం) ఎన్ని మిల్లీగ్రాములు, సీబీడీ ఎన్ని అని చూడండి. పీలిస్తే నిమిషాల్లో పనిచేస్తుంది. గమ్మీకి అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఇంకా ఏమీ కాలేదే అని పెద్దవాళ్లు మరొకటి వేసుకుని, రాత్రి బాత్రూంకి లేచి తూలిపడతారు. ఆపరేషన్‌కి ముందు అనస్థీషియా వాళ్లకీ చెప్పించండి. చాన్నాళ్లుగా వాడేవాళ్లు ఆగని వాంతులతో వచ్చి, వేడినీళ్ల స్నానం చేస్తేనే తగ్గుతోందంటే కెనబిస్‌నే అనుమానించండి.

"ఇది రికార్డులో రాస్తారా?" అని మనవాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతారు. విసుక్కోకండి. రాష్ట్రంలో చట్టబద్ధమైనా, ఫెడరల్ చట్టం వల్ల కెనబిస్ వాడకం పౌరసత్వ దరఖాస్తుకి అడ్డు కావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019లోనే చెప్పింది. హెచ్1బీ, గ్రీన్ కార్డు వాళ్ల టెన్షన్ అదే. నాన్నగారు సిటిజన్ కాబట్టి మాకు ఆ గొడవ లేదు.

ఇండియా వెళ్తున్నారా అని కూడా అడగండి. అక్కడ ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల చట్టం) ఉంది, అమెరికా కార్డు చూపిస్తే ఎవరూ వదలరు. నాన్నగారు హైదరాబాద్ వెళ్లేముందు నూనె ఆపేశారు. ఆపేసరికి ఐఎన్ఆర్ కిందకి దిగింది, వార్ఫరిన్ డోసు మళ్లీ పెంచాల్సి వచ్చింది.