కుందేళ్ళు, సోఫా, అత్తగారి ఫినాయిల్

ప్రశ్న: మాది నెల్లూరు, వేళచ్చేరిలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. పాప పోరు పడలేక ఆదివారం బజార్లో రెండు కుందేళ్ళు కొన్నాం, రెండూ ఆడవే అన్నాడు, ఇప్పుడు అయిదు నెలలు. ట్రే కొని బాల్కనీలో పెట్టి పిల్లుల ఇసుక పోశా, అందులో హాయిగా పడుకుంటున్నాయి గానీ ఉచ్చ మాత్రం సోఫా మీదే! మా అత్తగారు రోజూ ఫినాయిల్ పెట్టి తుడుస్తూ ఇల్లా, పశువుల కొట్టమా అంటున్నారు. అసలు వీటికి నేర్పడం కుదిరే పనేనా?
– ఓ పాఠకురాలు, చెన్నై

జవాబు: కుదురుతుందండీ. కానీ ముందు ఆ ఇసుక ఇవాళే తీసేయండి. తడి తగిలితే ఉండకట్టే రకం అయితే మరీ డేంజర్, కుందేలు నోటికందిందల్లా నములుతుంది, అది పేగుల్లో అడ్డం పడితే వాంతి చేసుకోవడం కూడా దానికి చేతకాదు. అడుగున న్యూస్‌పేపర్ నాలుగు పొరలు పరిచి పైన కాగితం పెల్లెట్లు, అంటే కాగితాన్ని నొక్కి చేసిన చిన్న గుళికలు, పోస్తే చాలు. ట్రే బదులు పాత అంట్ల టబ్ అయితే ఇంకా మేలు, రెండూ కలిసి కూర్చునేంత ఉండాలి. అందులో పడుకోవడం తప్పేం కాదు, దాన్ని వదిలేయండి.

ఇక అసలు సంగతి. టబ్ ఎక్కడ పెట్టాలో మీరు డిసైడ్ చేశారు, అక్కడే తేడా కొట్టింది, ఆ చోటు ఎంచుకోవాల్సింది అవి. కుందేలు తింటూ తింటూనే రెంటికి వెళ్తుంది, మనకి వినడానికి బాలేదు గానీ మనకి కావల్సింది సరిగ్గా అదే. ఒంటికి ఏ మూలకి పోతోందో రెండ్రోజులు చూసి టబ్ ఆ మూలకి జరిపి, దాంట్లోనే ఒక పక్క ఎండుగడ్డి దండిగా వేయండి, గడ్డి కోసం ఎక్కుతాయి, ఎక్కినప్పుడు పని కానిస్తాయి. గరిక కూడా ఇష్టమే, ఇక్కడ అరుగంపుల్ అని అడిగితే ఇస్తారు, బాగా కడిగి పెట్టండి. మొదటి రెండు వారాలు ఇల్లంతా వదలకుండా చిన్న కంచె కట్టి అందులోనే ఉంచండి, బయటపడ్డ పెంటికలు ఏరి టబ్‌లో వేయండి, ఉచ్చ తుడిచిన టిష్యూ కూడా. అన్నట్టు బాల్కనీ వద్దు, చెన్నై మే నెల ఎండకి కుందేలు తట్టుకోలేదు, దానికి మనలా చెమట పట్టదు, వేడి చాలావరకు చెవుల్లోంచే పోవాలి.

ఫినాయిల్ వాసనలో ఉచ్చ వాసన మనకి తెలీదు, దానికి తెలుస్తుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి తుడవమనండి. వాటి ఉచ్చలో కాల్షియం ఎక్కువ, ఆ తెల్లటి మరకలు కూడా దాంతో పోతాయి. తిట్టడం, మూతి అందులో రాయడం లాంటివి మాత్రం చేయకండి, మిమ్మల్ని చూస్తే దాక్కోవడం తప్ప ఏం నేర్చుకోదు.

ఇవన్నీ చేసినా అయిదో నెలలో కొంచెం కష్టమే. అది యవ్వనం వచ్చే వయసు, ఇది నా ఇల్లు అని ఉచ్చతో హద్దులు గీసుకుంటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. రెండూ ఆడవే అన్న మాట మాత్రం నమ్మకండి, చిన్నప్పుడు తెలిసినవాళ్ళే పొరబడతారు. వేపేరి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికో, కుందేళ్ళని చూసే డాక్టర్ దగ్గరికో తీసుకెళ్ళి ఈ వారమే చూపించండి, అప్పటిదాకా విడిగా ఉంచండి. ఒకటి మగదైతే చూలు కట్టాక 31 రోజులకి పిల్లలు, కన్న రోజే మళ్ళీ చూలు కట్టగలదు, అప్పుడు అత్తగారికి మీరేం చెప్పినా లాభం లేదు! మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా నెలా నెలన్నర విడిగానే ఉండాలి.

ఆపరేషన్ అయినా అక్కడక్కడా నాలుగు ఎండు పెంటికలు దొరుకుతూనే ఉంటాయి, చీపురుతో పోతాయి, వాటికోసం బాధపడకండి. బాగా అలవాటైనది ఉన్నట్టుండి బయట ఉచ్చ పోస్తే మాత్రం మొండితనం అనుకోవద్దు, రాళ్ళో ఇన్ఫెక్షనో అయ్యుండొచ్చు. పూట గడిచినా గడ్డి ముట్టక, పెంటికలు వేయకపోతే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి.

ప్రశ్న: మా కుందేలు తెల్లారుజామున తన పెంటికలు తానే తింటోంది. మాన్పించడం ఎలా?
– ఓ పాఠకుడు, తాంబరం

జవాబు: మాన్పించొద్దు. అవి మామూలు పెంటికలు కాదు, ద్రాక్ష గుత్తిలా మెత్తగా ఉండే వేరే రకం, బి విటమిన్లు వాటిలోంచే వస్తాయి. తినకుండా నేల మీద వదిలేస్తుంటే అప్పుడు ఆలోచించండి, క్యారెట్టూ కొన్న దాణా తగ్గించి గడ్డి పెంచండి.